నారద మందు

గోరు నొక్కి వదులుతాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు…
దేశమ్మ గోటికి ఎరుపు తిరిగి రావడానికి ఏడు పట్టింది.
రెండో మూడో దాటకూడదు.

చెన్నై, కీల్పాక్, ఏడో నంబరు మంచం, రాత్రి రెండుంబావు.
పులియాంతోపు వీధులూడ్చే మనిషి.
మొన్నటి వానలో మోకాలిలోతు మురుగులో
పగిలిన సీసా పెంకు మడమలో దిగింది.
పేలిక చుట్టుకుని మూడు రోజులు డ్యూటీకి పోయింది.
నాలుగో రోజు మాట ముద్దయింది, ఒళ్ళు చల్లబడింది.
బీపీ పట్టీ బిగిస్తే పై అంకె అరవై,
కింది అంకె మిషను చెప్పలేకపోయింది.

సెలైన్ మూడు సీసాలు
ఇసకలో పోసినట్టు ఇంకిపోయాయి.
అప్పుడన్నాడు డాక్టర్ ఇళంగో, "నారడ్ పెట్టండి."

తలుపవతల కూతురు గజలక్ష్మి చెవిన పడింది ఆ మాట.
"నారదుడా అక్కా? ఆయన పేరుతో కూడా మందుందా?"
నా సూళ్ళూరుపేట యాస విన్నప్పట్నించీ
నన్ను చుట్టంగా కలిపేసుకుంది.
నార్‌అడ్రినలిన్ అని విడమరచబోయి
ఎందుకో ఊరుకున్నాను.

"ట్యూబు మూతి వేలితో నొక్కుతాం చూడు,
నీళ్ళు దూరం ఎగరడానికి.
అట్లా ఈ మందు లోపల గొట్టాల్ని బిగిస్తుంది."

కాసేపు ఆలోచించింది.
"అట్ల బిగిస్తే చివరి ఇళ్ళకి నీళ్ళు రావు గదక్కా.
మాది చివరి ఇల్లే."

సిరంజి చూసుకోవాలని లోపలికొచ్చేశాను.

గంటకి అయిదు మిల్లీలు. తర్వాత తొమ్మిది.
తర్వాత పద్నాలుగు.
ఒకటి అయిపోకముందే రెండోది పక్కన నడిపించాలి,
మార్చే పది సెకన్ల సందులో
మనిషి జారిపోతుంది.
నాలుగింటికి సగటు అంకె అరవై అయిదు తాకింది.
సంచీలో టీ డికాషన్ రంగు మూత్రం, పదిహేను మిల్లీలు.
ఆ పదిహేను చూసి నేనూ, వార్డుబాయ్ సెల్వమూ
ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.

కలహభోజనుడు గదా,
గుండెకీ గోటికీ తగువు పెట్టాడు.
తగువు లోకకల్యాణానికేనంటారు.
చీపురు పట్టిన వేళ్ళని
ఆ సభకి ఎవరూ పిలవలేదు.

తెల్లారేసరికి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు
నేరేడు పండు రంగు.
మర్నాటికి బొగ్గు.
దూది చుట్టాను. వెచ్చ చెయ్యకూడదన్నారు, చెయ్యలేదు.
మందు తగ్గిస్తే వేళ్ళకి మంచిది, మనిషికి కాదు.
ఇళంగో నా వైపు చూడకుండా
"అలాగే ఉంచండి" అన్నాడు.

దించడం ఎక్కించడంకన్నా కష్టం.
నెత్తిమీద నీళ్ళ బిందె దించినట్టు
పద్నాలుగు, పదమూడు, మళ్ళీ పద్నాలుగు,
పదకొండు, ఎనిమిది,
ఒక మధ్యాహ్నమంతా నాలుగు దగ్గరే.
ఆరో రోజు పంపు ఆపేశాను.
అంకె కాస్త తూగి, నిలబడింది.

దేశమ్మ కళ్ళు తెరిచి మొదట అడిగింది,
"నాకు హాజరు ఎవరన్నా వేశారా?"
గజలక్ష్మి మాట్లాడలేదు.
ముసలామె చెయ్యి పైకెత్తి, ట్యూబులైటు వెలుగులో తిప్పి చూసుకుని
"ఈ వేళ్ళు ఎవరియి?" అంది.

ఎడంచేతి గోరు నొక్కి వదిలాను.
ఒకటి, రెండు. వచ్చింది.
చార్టులో రాశాను.
కుడిచేతికి గడి లేదు ఆ కాగితంలో.

డ్యూటీ దిగి లోకల్ ఎక్కాను.
బేసిన్ బ్రిడ్జి దాటాక
ఎవరూ చూడకుండా నా గోరు నేనే నొక్కుకున్నాను.
ఒకటి అనేలోపే ఎర్రబడింది.
సిగ్గేసి చెయ్యి కొంగులో దాచుకున్నాను.